ఉప్పుగాలిలో అంబాసిడర్లు

కారు మొత్తానికి ఆగిపోతే నాకెప్పుడూ దిగులుండేది కాదమ్మా. ఆగిపోయిన బండి దాచుకునేదేమీ ఉండదు. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి వైరు వెంట వెళ్తే, కరెంటు ఎక్కడ తెగిందో అక్కడ దొరికిపోతుంది. నాకు నిద్ర లేకుండా చేసిన బండ్లు వేరే. రేపల్లె నుంచి వస్తుంటే దారి పొడుగునా లైట్లు పోయి వస్తున్నాయంటారు. మన గుమ్మంలో ఆపేసరికి పట్టపగల్లా వెలుగుతుంటాయి. తెల్లారుజామున స్టార్టు కాలేదంటారు. పది గంటలకి మనం వెళ్లి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంటుంది. ఓనరు మన మొహం చూస్తాడు, మనం బండి మొహం చూస్తాం. అలాంటి బండిని పట్టుకోగలిగినవాడే కారు కరెంటు పని తెలిసినవాడని మా మేస్త్రీగారు అనేవారు.

ఆ తాటిమట్ట పొయ్యిలోకి ఇంకొంచెం తొయ్యి, సగమే కాలింది. ఆఁ, అంతే.

మన రామాపురం గాలి ఎలాంటిదో నీకు తెలుసుగా. మధ్యాహ్నం దాటగానే సముద్రం మీంచి తిరుగుతుంది. ఆ గాలిలో తడి ఉంటుంది, తడిలో ఉప్పు ఉంటుంది. కిటికీ ఊచలు ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు పడతాయే, కారులో రాగివైర్లకీ అదే గతి. కాకపోతే ఇనుము తుప్పు ఎర్రగా పైకి కనిపిస్తుంది. రాగికి పట్టే చిలుము రబ్బరు తొడుగు లోపల, ఇత్తడి బుల్లెట్టు కింద, ఎవరికీ కనబడకుండా పట్టుకుంటుంది. బుల్లెట్టంటే తుపాకీది కాదులే. రెండు వైర్లని కలపడానికి ఒక్కోదాని చివరా చిన్న ఇత్తడి గుండు వేసి, రెండిటినీ ఒక గొట్టంలోకి నొక్కేవారు. ఇంగ్లండు పద్ధతి. అంబాసిడరు పుట్టిందే అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండిలోంచి కదా. 1950ల చివర్లో కలకత్తా పక్కన ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు మొదలుపెట్టి, 2014 మేలో ఆపేశారు. అన్నేళ్లు ఒకే ఒడ్డూ పొడుగుతో నడిచిన కారు మన దేశంలో మరొకటి లేదు. నేను పనిచేసినవాటిలో ఎక్కువ 1489 సీసీ పెట్రోలు ఇంజనువే.

పని నేర్చుకుంది తెనాలిలో. అప్పట్లో ఈ చుట్టుపక్కల కారు ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రైసుమిల్లు ఓనర్లు, పెద్ద రైతులు, డాక్టర్లు, సినిమాహాళ్లవాళ్లు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ కార్లన్నీ ఊళ్ల మీదే ఉండేవి, వాటితోపాటు మేమూ. మా మేస్త్రీగారికి ఇంగ్లీషు అక్షరం రాదు. కానీ వైరు రంగు చూసి అది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్పేవారు. కాఫీ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, మధ్యలో ఫ్యూజు ఉండదు, దాని దగ్గర జాగ్రత్త. తెల్లది తాళం తిప్పితేనే బతుకుతుంది, ఇగ్నిషన్ కాయిలుకి పోతుంది. అదే ఫ్యూజు దాటాక పచ్చది అవుతుంది. నీలం హెడ్‌లైట్లది. ఎరుపు చిన్న లైట్లది, వెనక లైట్లది. నలుపు ఎర్తు. ఇది ఇంగ్లండులో లూకాస్ కంపెనీ సామాను వాడిన బండ్లలో స్థిరపడిన పద్ధతి. 1960ల మొదట్లో మద్రాసు పాడిలో లూకాస్-టీవీఎస్ వచ్చాక మనకీ ఆ సామానే. ఎవరు ఆలోచించారో గానీ చదువు లేనివాడికి కూడా దారి చూపించే ఏర్పాటు అది. చేతులెత్తి దండం పెట్టాలి.

చెడగొట్టింది ఎవరంటే మధ్యలో చేతులు పెట్టినవాళ్లు. తెల్లవైరు తెగితే చేతికందిన ఎర్రవైరు ముక్క వేసి మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. ఆరోజుకి బండి కదులుతుంది. రెండేళ్లకి టేపు జిగురు కారిపోయి, మెలి వదులై, ఉప్పుగాలి లోపలికి చేరుతుంది. అప్పుడు గుంటలో పడ్డప్పుడల్లా ఇంజను తడబడుతుంది. పాత బండి మన చేతికి వచ్చిందంటే మేస్త్రీగారు ముందు టేపు చుట్టిన చోట్లన్నీ వెతికించేవారు. కంపెనీవాళ్ల చుట్టు ఒక తీరున, ఒక దిక్కుకి ఉంటుంది. అది కాక మరో టేపు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎవరో చెయ్యి పెట్టినట్టే.

ఆయన దగ్గర నేర్చుకున్న అసలు సంగతి ఇంకోటి ఉంది. ఫాల్టుని మన చేత్తో రప్పించగలగాలి, మన చేత్తోనే పోగొట్టగలగాలి. రెండూ చేసి చూపించందే బండి ఓనరుకి ఇవ్వనిచ్చేవారు కాదు. ఏదో కొత్త సామాను వేశాం, ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా అంటే ఊరుకునేవారు కాదు. "అది వేయకముందు కూడా ఇప్పుడిలాగే బాగా నడిచింది కదరా" అనేవారు.

ఒక డాక్టరుగారి కారు సంగతి చెబుతాను విను. ఆయన తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాకా రోగుల్ని చూడటానికి వెళ్లేవారు. ఆ దారి నీకు తెలుసు, అడుగడుక్కీ కాలవ వంతెనలు. అప్పటి వంతెనలు ఇప్పటిలా చదునుగా ఉండేవి కావు, ఒంటె వీపులా లేచేవి. ఆయన కారు వంతెన ఎక్కుతుంటే చటుక్కున ఊపిరి వదిలేసేది. ఒక్క క్షణం, మళ్లీ అందుకునేది. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఒకరు పెట్రోలు పంపు మార్చారు. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు అందడం లేదని ఆయన అంచనా. తప్పుపట్టలేం, ఎవరికైనా ముందు అదే తోస్తుంది. తర్వాత కార్బురేటర్ విప్పి కడిగారు. కాయిలు మార్చారు. ఫాల్టు మాత్రం పోలేదు.

మేస్త్రీగారు బానెట్టు తెరవలేదు. డాక్టరుగారి డ్రైవర్ని కూర్చోబెట్టి మాట్లాడారు. దిగేటప్పుడు కూడా పోతుందా? పోదు. వంతెన మీద మెల్లగా ఎక్కితే? పోదు. చదును మీద లారీని దాటేస్తూ గట్టిగా తొక్కితే? ఆలోచించి, ఒకసారి పోయిందండీ అన్నాడు. వేడి మీదే పోతుందా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడానా? చల్లగా ఉన్నప్పుడు కూడా. అప్పుడు మా వైపు తిరిగి, వంతెనకీ దీనికీ సంబంధం లేదురా, యాక్సిలరేటరుకీ దీనికీ ఉంది అన్నారు. మూడేళ్లుగా ఆ బండి నడుపుతున్నవాడు అతను. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత ఒక చిన్న డ్యాష్‌బోర్డు బల్బు తీసుకుని, దానికి రెండు పొడుగాటి వైర్లు వేసి, ఒకటి కాయిలుకి కరెంటు వచ్చే తెల్లవైరు వైపు, ఇంకోటి ఎర్తుకి కట్టి, బల్బుని కిటికీలోంచి లోపలికి తెచ్చి నా చేతికిచ్చారు. పక్క సీట్లో కూర్చుని బల్బునే చూడమన్నారు. మొదటి వంతెన మీద ఇంజను తడబడింది. బల్బు మాత్రం కదలకుండా వెలుగుతోంది. అంటే తాళం మంచిదే, తాళం నుంచి కాయిలు దాకా వైరు మంచిదే. ఫాల్టు కాయిలుకి అవతల ఉంది. బల్బు కూడా ఆరిపోయి ఉంటే డ్యాష్‌బోర్డు కింద తలపెట్టాల్సి వచ్చేది. అణా ఖర్చు లేకుండా సగం బండిని పక్కన పెట్టేశాం.

కాయిలుకి అవతల ఉన్నది డిస్ట్రిబ్యూటరు. మెకానిక్కులు డెల్కో అంటారు దాన్ని. లోపల సీబీ పాయింట్లు, అంటే కాయిలు కరెంటుని కలిపి తెంచేవి, ఒక చిన్న పళ్లెం మీద ఉంటాయి. ఆ పళ్లెం స్థిరంగా ఉండదు. కార్బురేటర్ నుంచి సన్నటి గొట్టం ఒకటి వస్తుంది. ఇంజను పీల్చే గాలి బలాన్ని బట్టి ఆ పళ్లెం కొంచెం ఇటూ అటూ తిరుగుతుంది, నిప్పురవ్వ పడే సమయం దాన్ని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే పీల్పు పడిపోతుంది, పళ్లెం గబుక్కున వెనక్కి వస్తుంది. దానితోపాటు పాయింట్లకి కరెంటు తెచ్చే బెత్తెడు వైరు కూడా వంగుతుంది. కారు నడిచినన్నాళ్లూ అది వంగుతూనే ఉంటుంది. అందుకే దాన్ని మెత్తటి సన్నపోగులతో చేస్తారు.

మేస్త్రీగారు ఇంజను స్టార్టు చేయించి, ఆ సన్నగొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి, చివర నోట్లో పెట్టుకుని పీల్చి, చటుక్కున వదిలారు. పళ్లెం గబుక్కున వెనక్కి వచ్చింది. ఇంజను తడబడింది. వెంటనే సర్దుకుంది. మళ్లీ పీల్చి వదిలారు, మళ్లీ తడబడింది. చెట్టుకింద నిలబెట్టిన కారుని వంతెన ఎక్కిస్తున్నట్టే! డాక్టరుగారు చూస్తూ నిలబడిపోయారు. ఆ వైరు తీసి చూస్తే పైన తొడుగు కొత్తదానిలా ఉంది. లోపల పోగులన్నీ తెగిపోయి, చివరలు ఒకదానికొకటి ఆనుకుని మాత్రం ఉన్నాయి. వైరు కదలకుండా ఉంటే కరెంటు పారుతుంది, గబుక్కున కదిలితే తెగుతుంది. అదే పొడుగు, అంతే మెత్తటి వైరు వేసి, చివర్లు టంకం పెట్టి, మళ్లీ గొట్టం పీల్చి వదిలారు. ఇంజను తడబడలేదు. అప్పుడు బండి ఇచ్చారు.

ఎర్తు సంగతి చెప్పకపోతే ఈ ముచ్చట సగమే. కారులో బల్బుకి ఒక్క వైరే పోతుంది, తిరిగి రావడం బండి రేకు మీదుగా. ఆ రేకుకి నల్లవైరుని మరమేకుతో బిగించిన చోట రంగు ఉన్నా, తుప్పు ఉన్నా కరెంటు తిరిగి రావడానికి వేరే దారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే వెనక ఇండికేటరు మిణుకుమంటుంది. ఇండికేటరు వేస్తే చిన్నలైటు దానితోపాటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అలా ఒకదాని పని ఇంకోటి చేస్తుంటే బల్బుల జోలికీ స్విచ్చుల జోలికీ పోకు. ఆ లైటు గూడు ఎర్తు దగ్గరికి వెళ్లు. మేకు విప్పి, ఉప్పుకాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ పూస్తే మన ఉప్పుగాలికి కూడా చాలాకాలం ఆగుతుంది. ముందు బిగించాలి, తర్వాత పూయాలి.

బాపట్లలో ఒక పెళ్లివారి కారు. సెల్ఫు కొట్టిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు దగ్గర చోకు తీగ కాలిపోతోంది, ఒకసారి పొగ కూడా వచ్చిందని పెళ్లికొడుకు మేనమామ ఎక్కనంటున్నారు. అంతకుముందు ఎక్కడో గేరుబాక్సు దింపి ఎక్కించారట. ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. దాన్ని ఛాసిస్‌కి కలిపేది జడలా అల్లిన రాగిపట్టీ ఒక్కటే. ఆ పట్టీ మళ్లీ బిగించలేదు. సెల్ఫు మోటారు వందకి పైగా ఆంపియర్లు తాగుతుంది. పాపం అంత కరెంటూ చోకు తీగలోంచి, యాక్సిలరేటరు తీగలోంచి తిరిగి వస్తోంది. పట్టీ బిగించగానే అంతా చల్లబడింది. ముహూర్తానికి అందుకున్నాం.

నువ్వు ఇంజినీరింగు చదువుతున్నావు కాబట్టి ఇది జాగ్రత్తగా విను. మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపిస్తుంది, లైటు మాత్రం వెలగదు. ఎందుకో చెప్పు? మీటరు తనకోసం కరెంటు తీసుకునేది దాదాపు ఏమీ ఉండదు. పాతిక పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా దానికి చాలు, పూర్తి వోల్టేజీ చూపించేస్తుంది. మన కాలవ తూము మూసి ఉన్నప్పుడు నీటిమట్టం చూసి కాలవ బాగుందనుకున్నట్టే అది. తూము ఎత్తి నీరు పారిస్తే గదా పూడిక ఎక్కడుందో తెలిసేది. అందుకే ఇలాంటి చోట మేస్త్రీగారు హెడ్‌లైటు బల్బునే టెస్టు లైటుగా వాడేవారు. నలభై అయిదు వాట్ల బల్బు నాలుగు ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండు హెడ్‌లైట్లు కలిపి ఏడున్నర. ఎర్తు మేకు దగ్గర చిలుము వల్ల అర ఓము కన్నా తక్కువే, 0.4 ఓము అడ్డుపడిందనుకో, అక్కడే దగ్గరదగ్గర మూడు వోల్టులు పోతాయి. బల్బుకి మిగిలేది తొమ్మిది చిల్లర. పావువంతు వోల్టేజీ తగ్గితే వెలుగు సగానికన్నా కిందికి పడిపోతుంది. అప్పుడు మీటరుని బల్బు దగ్గర కాకుండా, లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ నెగటివుకీ లైటు గూడుకీ మధ్య పెట్టు. అక్కడ కనిపించే వోల్టులన్నీ దారిలో పోగొట్టుకున్నవే. పావు వోల్టు లోపలుంటే ఫరవాలేదు.

డైనమో ఉన్న పాత బండ్లలో ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు లైట్లు మందగించడం డైనమో స్వభావం, ఫాల్టు కాదు. ఆ తేడా తెలియక మంచి వైర్లు పీకినవాళ్లని చూశాను.

వానలు మొదలయ్యాక పొద్దున్నే స్టార్టు కాని బండ్లు వచ్చేవి. ఎండెక్కితే బాగైపోతాయి. వాటిని రాత్రిపూట చూడాలి. షెడ్డులో దీపం ఆర్పి, ఇంజను నడుస్తుండగా డెల్కో మూత మీద, లావు వైర్ల మీద నీళ్లు చిలకరించి చూస్తే, పగులున్న చోట నీలంగా నిప్పు పాకుతుంది. పగలు ఎంత వెతికినా కనిపించని వెంట్రుక పగులు చీకట్లో దానంతట అదే చూపించుకుంటుంది. కోతలయ్యాక గడ్డివాము పక్కన నిలబెట్టిన కార్లకి ఎలుకల బెడద. అవి తొడుగు కొరికి రాగి బయటపెడతాయి. ఆ వైరు కుదుపుకి రేకుని తగిలితే షార్టు, లేకపోతే ఏమీ లేదు. ఈ రెండింటికీ ఓపిక తప్ప వేరే విద్య అక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకెత్తు, 1977 ఒకెత్తు. నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెన దివిసీమని ఎలా ఊడ్చిపెట్టిందో మీ నానమ్మ చెప్పే ఉంటుంది. పదివేలకి పైగా ప్రాణాలు పోయాయి. రేపల్లె వైపు కూడా తీరం ఊళ్లు దెబ్బతిన్నాయి. మనుషుల సంగతే చూడలేని రోజుల్లో బండ్ల గురించి ఎవరికి పట్టింది? కానీ మందులు, బియ్యం మోయడానికి అవే కావాలి. మునిగిన జీపులూ కార్లూ ఒక్కొక్కటీ వచ్చాయి. వచ్చినవాటిని ముందు బ్యాటరీ ఊడదీసి మంచినీళ్లతో కడిగాం. ఉప్పునీళ్లు ఎండిపోయాక తుడిస్తే లాభం లేదు. డైనమోలూ సెల్ఫులూ విప్పి ఎండబెట్టి మళ్లీ వేశాం. చాలా బండ్లు లేచి నడిచాయి, సంతోషించాం.

నెలలు గడిచాక మొదలైంది అసలు కథ. వైరు చివర్ల నుంచి ఉప్పునీరు తొడుగు లోపల పోగుల మధ్యకి పాకిపోయింది. పైకి ఏ మచ్చా లేదు, కోసి చూస్తే రాగి బొగ్గులా నల్లగా ఉంది. నల్లబడిన రాగికి టంకం పట్టదు. ఇంత కోసి చూస్తాం, నలుపే. ఇంకో జానెడు కోస్తాం, నలుపే. ఎర్రటి రాగి కనబడేదాకా కోస్తూ పోతే వైరే మిగలదు. ఒక్కో బండిలో ఒక్కోరోజు ఒక్కోటి పనిచేయదు. ఇవాళ హారన్, రేపు వైపరు. అలాంటప్పుడు ఫాల్టు వెతకడం మానేయాలని మేస్త్రీగారు తేల్చి చెప్పారు. పాత వైరింగంతా దింపేసి, నేల మీద పరిచి, దాని మీదే కొలత తీసుకుని, అదే రంగుల్లో కొత్త వైర్లతో మొత్తం అల్లేవాళ్లం. రంగులు దొరకనప్పుడు ఆయన పని ఆపేవారు గానీ తెల్లదాని బదులు నల్లది వేయనిచ్చేవారు కాదు. రేపు ఈ బండి ఇంకొకడి చేతికి పోతుంది, వాడికి దారి తెలియాలి అనేవారు.

ఇక నీ కారు సంగతి. కంప్యూటరు పెడితే ఏవేవో కోడ్లు వస్తున్నాయి, షోరూములో ఏదో సెన్సరు మార్చాలంటున్నారు అన్నావు. ఆ సెన్సరు పాడై ఉండొచ్చు, కాదనను. కానీ సెన్సరు పంపే వోల్టేజీ అయిదు వోల్టుల లోపలే. మాకు హెడ్‌లైటు దగ్గర పావు వోల్టు పోతే లెక్కలేదు, దీనికి పావు వోల్టు తేడా వస్తే కంప్యూటరు లెక్కంతా తప్పుతుంది. పాతబండి కన్నా నీ బండికే మంచి ఎర్తు ఎక్కువ అవసరం. ఇంతకీ డ్యాష్‌బోర్డులో ఆ హెచ్చరిక లైటు ఎప్పుడు వెలుగుతోంది? ఏసీ వేసినప్పుడా? రాత్రిపూట అన్ని లైట్లూ వేసి ఉన్నప్పుడా? సూర్యలంక వైపు వెళ్లొచ్చాకా? మూడు నాలుగు రోజులు ఒక కాగితం దగ్గర పెట్టుకుని, వెలిగిన ప్రతిసారీ అప్పుడు ఏమేం వేసి ఉన్నాయో రాయి. డబ్బులు ఆ తర్వాత ఖర్చుపెడదాం.

ఆ కాగితం చేతికొచ్చాక బానెట్టు ఎత్తుదాం. ముందు ఇంజను నడుస్తుండగా ఏసీ, లైట్లు అన్నీ వేసి బ్యాటరీ నెగటివుకీ ఇంజను ఒంటికీ మధ్య మీటరు పెట్టి, ఎంత చూపిస్తోందో తేదీ వేసి రాసుకో. ఏదీ ముట్టుకోకముందే రాయాలి, విప్పి మళ్లీ బిగించడంతోనే కొన్ని ఫాల్టులు కొన్నాళ్లు దాక్కుంటాయి. అప్పుడు ఇంజను ఆపి, తాళం తీసేసి, బ్యాటరీ నెగటివు ఊడదీయాలి. ఎర్తు మేకులు ఒక్కోటే విప్పి రుద్ది బిగించి, ఒక్కోదాని తర్వాతా బ్యాటరీ తగిలించి, ఇంజను నడిపి, మళ్లీ అలాగే కొలవాలి. అన్నీ ఒక్కసారే చేశామంటే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. ఎక్కడ అంకె చటుక్కున పడిపోయిందో ఆ మేకుని మళ్లీ కొంచెం వదులు చేసి చూద్దాం. అదే లైటు అలాగే వెలిగితే ఫాల్టు దొరికినట్టే. వెలగకపోతే తర్వాతి మేకు దగ్గరికి వెళ్దాం.